ఆవిరి ఇంజను పెంచిన ఊరు బిట్రగుంట

బోగోలు: నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని బిట్రగుంట పేరు చెప్పగానే పాతతరానికి లోకోషెడ్డు గుర్తుకొస్తుంది. చెన్నై - విజయవాడ రైలుమార్గం 1899లో పూర్తయింది. ఆ మార్గానికి దాదాపు నడుమ ఉండటమే ఈ ఊరి దశ మార్చింది.

ఆవిరి ఇంజను ఏకబిగిన ఎక్కువ దూరం నడవలేదు. నీరు తరిగిపోతుంది, కొలిమిలో బూడిద పేరుకుంటుంది. అందుకే కొంత దూరానికొకచోట ఇంజనును మార్చి, అలసిన దానిని శుభ్రపరచి, తిరిగి బొగ్గు, నీరు నింపేవారు. ఈ పనులకే ఇక్కడ షెడ్డు వెలిసింది. ఇంజన్లను నిలిపేందుకు వలయాకారంలో రౌండ్‌హౌస్ నిర్మించారు. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్ల కుటుంబాలతో రైల్వే కాలనీ విస్తరించింది.

విజయవాడ - చెన్నై మార్గం 1980 నాటికి విద్యుదీకరణ జరిగింది. విద్యుత్ ఇంజనుకు బొగ్గుతోను, నీటితోను నిమిత్తం లేదు. ఇంజను మార్చవలసిన అవసరం తీరడంతో షెడ్డు మూతపడింది; దానినే నమ్ముకున్న ఊరు కళ తప్పింది. ఇక్కడి రైల్వే భూముల్లో పరిశ్రమ నెలకొల్పాలని స్థానికులు ఏళ్లుగా కోరుతున్నారు. ఉపాధితోపాటు, ఊరి పుట్టుపూర్వోత్తరాలు తెలిపే ఆనవాళ్లను కాపాడటమూ అంతే అవసరం.