నూజివీడు మామిడి - విదేశీ వాణిజ్యం

నూజివీడు మామిడి అనేది ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాల తోటలలో పండే మామిడికి వ్యవహారనామం. నూజివీడు 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరింది. ప్రపంచంలో పండే మామిడిలో సుమారు 40 శాతం భారతదేశానిదే. అయినను దేశపు పంటలో తాజా పండుగా విదేశాలకు వెళ్ళేది ఒక శాతం లోపే. నూజివీడు కాయలో కూడా అధికభాగం లారీలలో ఉత్తరాది మార్కెట్లకే పోతుంది.

రకాలు

చిన్న రసం, పెద్ద రసం రుచికి పేరుపొందినవి. కాని ఇవి పండిన తరువాత ఎక్కువ కాలం నిలువ ఉండవు. చేతితో మెత్తగా పిసికి రసం పీల్చుకొనే అలవాటు లేని దేశాలలో వీటికి గిరాకీ కల్పించడం కూడా కష్టమే. అందుచేత ఎగుమతి భారమంతా పీచు లేని, కండ గట్టిగా ఉండే బంగినపల్లి మీదనే పడింది. దీనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. కలెక్టరు కాయగా పిలువబడే తోతాపురి గుజ్జు పరిశ్రమకు పనికివస్తుంది.

పండు ఈగ - ఆంక్షలు

విదేశీ వాణిజ్యానికి ప్రధాన అవరోధం సుంకాలకంటే పండు ఈగ. ఇది కాయ తొక్క క్రింద గుడ్లు పెడుతుంది, పురుగు లోపలే పెరుగుతుంది. ఈ కారణం చేత జపాన్ 1986లో భారతీయ మామిడిని నిషేధించి, 2006లో అనుమతించింది. అందుకు నియమం ఏమనగా పండును వేడి ఆవిరిలో 47.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 20 నిమిషాలు ఉంచవలెను. అమెరికా 2007లో వికిరణ శుద్ధి షరతుతో తలుపు తెరిచింది. తొలి ఎగుమతులకు ఆ సదుపాయం మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో ఉండేది. ఐరోపా సమాఖ్య 2014 మే నెలలో విధించిన నిషేధాన్ని 2015 జనవరిలో ఎత్తివేసింది. 2021 మే నెలలో కృష్ణా, చిత్తూరు జిల్లాల రైతుల బంగినపల్లి, సువర్ణరేఖ పండ్లు 2.5 టన్నులు తిరుపతిలో ఆవిరి శుద్ధి పొంది దక్షిణ కొరియాకు వెళ్ళాయి. నూజివీడులోనూ ఇటువంటి కేంద్రాన్ని నెలకొల్పారు.

పోటీ

అమెరికా విపణిలో మెక్సికోది పైచేయి. సరిహద్దు ప్రక్కనే ఉన్నందున రోడ్డు మార్గాన పంపగలదు, చౌకైన వేడినీటి శుద్ధి దానికి సరిపోతుంది. అక్కడ విరివిగా అమ్ముడుపోయే టామీ అట్కిన్స్ రకం రుచిలో సామాన్యమే. అయితే ఎర్రని రంగు, దెబ్బ తట్టుకొనే తొక్క దానికున్నాయి. అంగడిలో ముందు కంటికి నచ్చాలి కదా! బ్రెజిల్, పెరూ దేశాలు తమ పంటను ఓడలలో ఐరోపాకు పంపుతాయి. భారతీయ పండు ఎక్కువగా విమానంలో వెళ్ళవలసి రావడం వలన అక్కడ ధర పెరిగిపోతుంది. గల్ఫ్ దేశాలలో మాత్రం దూరం తక్కువ, ప్రవాస భారతీయులు ఎక్కువ. అక్కడ పోటీ పాకిస్తాన్‌తో.

రైతుకు దక్కేది

మచ్చ లేని కాయ కోసం పలువురు రైతులు పిందెలకు కాగితపు కవర్లు తొడుగుతున్నారు. ఇది కూలీల ఖర్చుతో కూడిన పని. పూత దశలోనే తోటను వ్యాపారికి గుత్తకు ఇచ్చే పద్ధతి ఈ ప్రాంతంలో ఉంది. అటువంటి తోటలలో తెగులు వచ్చినా, గాలివాన వచ్చినా నష్టం చాలావరకు గుత్తదారునిదే. విదేశంలో పండుకు మంచి ధర పలికినపుడు లాభం కూడా అతనిదే అవుతుంది.