పాత కారు – ఇంధన పొదుపు

జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున వెలసిన ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రంగా, నరసింహ శతకం రచించిన శేషప్పకవి నివసించిన ఊరుగా తెలుగువారికి సుపరిచితం. ఈ ఊరికి రైలుమార్గం లేదు. యాత్రికులు రావలసింది రోడ్డు మీదనే. కోరుట్ల, జగిత్యాలల మీదుగా వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి ధర్మపురిని దాటి మంచిర్యాల వైపు సాగిపోతుంది. కరీంనగర్ నుంచి ఇక్కడికి సుమారు 75 కిలోమీటర్ల దూరం. ఇటువంటి దారులలో దశాబ్దాల తరబడి ఆర్టీసీ బస్సులతోపాటు ప్రయాణికులను చేరవేసిన వాహనాలు రెండు. ఒకటి అంబాసిడర్ కారు, రెండవది మహీంద్రా జీపు. వాటిని నడిపినవారందరినీ వేధించిన ప్రశ్న ఒక్కటే: లీటరుకు ఎంత వస్తుంది? ఆ ప్రశ్నకు సమాధానంగా పుట్టినదే ఇంజను మార్పిడి. పాత ఇంజనును దించి మరొక ఇంజనును, ఒక్కొక్కప్పుడు గేర్ బాక్సును కూడా బిగించడాన్ని ఇలా వ్యవహరిస్తారు. దీనివల్ల ఇంధనం నిజంగా ఆదా అవుతుందా? అయితే ఎవరికి, ఎంత? శాస్త్రమూ లెక్కా కలిసి తేల్చవలసిన విషయమిది.

అంబాసిడర్ చరిత్రే ఒక ఇంజను మార్పిడి చరిత్ర. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ కోల్‌కతా సమీపంలోని ఉత్తర్‌పారాలో 1950ల చివర ఈ కారు తయారీని ప్రారంభించింది. తొలి కార్లలో 1,476 సీసీ పెట్రోలు ఇంజను ఉండేది. దానిలో కవాటాలు సిలిండరు పక్కన అమరి ఉండేవి. త్వరలోనే దాని స్థానంలో, కవాటాలు సిలిండరు పైభాగాన ఉండే 1,489 సీసీ ఇంజను వచ్చింది. 1980 ప్రాంతంలో డీజిల్ ఇంజను, 1990ల తొలినాళ్లలో జపానుకు చెందిన ఇసుజు సంస్థ రూపొందించిన 1,817 సీసీ పెట్రోలు ఇంజను, దానితో అయిదు గేర్ల పెట్టె వచ్చి చేరాయి. 2014 మే నెలలో ఉత్తర్‌పారాలో ఉత్పత్తి నిలిచిపోయేదాకా బయటి రూపం దాదాపుగా అదే. లోపలి యంత్రం మాత్రం మారుతూ వచ్చింది. జీపు కథా ఇటువంటిదే. అమెరికా విల్లీస్ సంస్థ పెట్రోలు ఇంజనుతో మొదలైన ఆ వాహనానికి తర్వాతి కాలంలో ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ డీజిల్ ఇంజను అమరింది.

ఈ మార్పులకు ప్రేరణ కేవలం సాంకేతికాభివృద్ధి కాదు. 1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం చెలరేగింది. అరబ్బు దేశాలు చమురు సరఫరాను తగ్గించాయి. బ్యారెలు మూడు డాలర్లున్న ముడి చమురు ధర కొద్ది నెలలలోనే సుమారు నాలుగు రెట్లయింది. పెట్రోలు కారు యజమానికి అది పిడుగుపాటు. మన దేశంలో డీజిల్ ధర పెట్రోలు ధరకంటే చాలా తక్కువగా ఉండేది. కనుక కారుకు డీజిల్ ఇంజను పెట్టించుకుంటే రెండు విధాల లాభం: లీటరు ధరా తక్కువ, లీటరుకు వచ్చే దూరమూ ఎక్కువ. కంపెనీ అమర్చిన డీజిల్ కార్లు కొనలేనివారు మెకానిక్కుల చేత తమ పాత పెట్రోలు కార్లకే డీజిల్ ఇంజన్లు వేయించుకున్నారు.

డీజిల్ ఇంజను తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం నడపడానికి కారణాలున్నాయి. ఇంజనులో గాలిని ఎంత గట్టిగా అదిమితే, ఇంధనం మండినప్పుడు పుట్టే వేడిలో అంత ఎక్కువ భాగం పనిగా మారుతుంది. పాత పెట్రోలు ఇంజన్లు సిలిండరులోని మిశ్రమాన్ని ఏడు, ఎనిమిది వంతులకు మించి అదమలేవు. అదిమితే మిశ్రమం వేళకు ముందే భగ్గున మండి ఇంజను కొట్టుకుంటుంది. డీజిల్ ఇంజను అదిమేది గాలిని మాత్రమే కనుక ఇరవై వంతుల దాకా అదమగలదు. అంతేగాక పెట్రోలు ఇంజను నెమ్మదిగా నడుస్తున్నప్పుడు గాలి దారి సగం మూసుకొని ఉంటుంది. ఆ సందులోంచి గాలిని పీల్చడానికే కొంత శక్తి వృథా అవుతుంది. డీజిల్ ఇంజనుకు ఆ బాధ లేదు. ఒక లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలుకంటే సుమారు పదోవంతు ఎక్కువ శక్తి ఉంటుందన్నదీ మరువరాదు. లీటరు లెక్కన కనిపించే మైలేజీలో కొంత భాగం ఇంజను గొప్ప కాదు, ఇంధనం గుణం.

అయితే ఇంజను ఒక్కటే కారును నడపదు. ఇంజను నుంచి చక్రం దాకా శక్తిని చేరవేసే క్లచ్, గేర్ బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్ — వీటన్నిటి పొందిక మీదనే పొదుపు ఆధారపడి ఉంటుంది. ఒక చిన్న లెక్కతో దీనిని గ్రహించవచ్చు. కారు చక్రం చుట్టుకొలత రెండు మీటర్లనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి వెయ్యి మీటర్లు. అంటే చక్రం నిమిషానికి 500 సార్లు తిరగాలి. చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగున్నర సార్లు తిరిగేలా డిఫరెన్షియల్ పళ్లు ఉన్నాయనుకుంటే, నాలుగో గేరులో ఇంజను నిమిషానికి 2,250 సార్లు తిరుగుతుంది. అదే కారుకు అయిదో గేరు ఉండి, షాఫ్ట్ ఒకసారి తిరగడానికి ఇంజను 0.8 వంతు తిరిగితే చాలనుకుందాం. అప్పుడు ఇంజను 1,800 సార్లు తిరిగితే సరిపోతుంది. కరీంనగర్ నుంచి ధర్మపురి దాకా ఇదే వేగంతో వస్తే 75 నిమిషాలలో ఇంజనుకు 33,750 చుట్లు తగ్గుతాయి. చుట్లు తగ్గిన కొద్దీ లోపలి ఒరిపిడి, దానితోపాటు ఇంధన వ్యయం తగ్గుతాయి. పాత ఇంజనును ఉంచి గేర్ బాక్సును మాత్రమే మార్చినా కొంత పొదుపు సాధ్యమేనని దీనివల్ల తెలుస్తుంది.

ఈ సూత్రానికీ హద్దు ఉంది. చుట్లు మరీ తగ్గితే బలం చాలక ఇంజను ఈడుస్తుంది. ఎత్తు వచ్చినప్పుడల్లా డ్రైవరు కింది గేరుకు దిగవలసివస్తుంది. పొదుపు చేద్దామనుకున్నది ఖర్చుగా మారుతుంది. 2015 జూలైలో గోదావరి పుష్కరాలప్పుడు బారులు తీరిన వాహనాలవలె అడుగడుగునా ఆగుతూ కదిలే చోట అయిదో గేరుకు పనే లేదు.

కొత్త ఇంజను పాత కారులో ఒదగడం మరొక సమస్య. ఇంజనుకూ గేర్ బాక్సుకూ మధ్య మరలు కలవకపోతే ప్రత్యేకంగా ఒక పలక చేయించాలి. అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా బేరింగులు అరిగిపోతాయి. డీజిల్ ఇంజను బరువెక్కువ కనుక ముందు స్ప్రింగులు కుంగుతాయి. దాని అదురును తట్టుకునే మౌంటింగులు కావాలి. రేడియేటరు చాలకపోతే వేసవిలో నీరు మరుగుతుంది. బలమైన ఇంజను వేసి పాత బ్రేకులనే ఉంచితే ప్రాణాపాయం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇటువంటి మార్పిడులకు సరిగ్గా వర్తిస్తుంది.

మార్పు ఫలితాన్ని కొలవడంలోనూ మోసపోయే ప్రమాదం ఉంది. పాత కార్లలో కిలోమీటర్ల మీటరు తీగ గేర్ బాక్సు చివర నుంచి వస్తుంది. డిఫరెన్షియల్ నిష్పత్తిని 4.5 నుంచి 4కు మారిస్తే 90 కిలోమీటర్ల ప్రయాణాన్ని ఆ మీటరు 80గా చూపుతుంది. చిన్న చక్రాలు వేస్తే దీనికి విరుద్ధంగా, నడవని దూరాన్ని నడిచినట్లు చూపుతుంది. యజమాని మైలేజీ పెరిగిందని సంతోషిస్తాడు. పెరిగింది అంకె మాత్రమే. అందుచేత ట్యాంకు నిండా ఇంధనం పోయించి, రహదారి పక్కన ఉన్న కిలోమీటరు రాళ్లతో దూరాన్ని సరిచూసుకొని, తిరిగి నిండా పోయించి లెక్కించడమే నమ్మదగిన పద్ధతి.

ఇక ఖర్చు సంగతి. లీటరుకు 9 కిలోమీటర్లు ఇచ్చే కారు మార్పు తర్వాత 12 ఇచ్చిందనుకుందాం. మార్పిడికి లక్షన్నర రూపాయలు, ఇంధనం లీటరు వంద రూపాయలు అనుకుందాం. ఏడాదికి 30,000 కిలోమీటర్లు తిరిగే టాక్సీకి సుమారు 833 లీటర్లు, అంటే 83,300 రూపాయలు మిగులుతాయి. రెండేళ్లు నిండకముందే పెట్టుబడి తిరిగివస్తుంది. పండుగకూ పబ్బానికీ బయటికి తీసి ఏడాదికి 1,500 కిలోమీటర్లు మాత్రమే నడిపే పాత కారుకు మిగిలేది సుమారు 42 లీటర్లు. ఆ లెక్కన పెట్టుబడి తిరిగిరావడానికి 35 ఏళ్లకు పైగా పడుతుంది. మార్పు ఒక్కటే, ఫలితం వేరు. దానిని నిర్ణయించేది ఇంజను కాదు, కారు చేసే పని. ఆనాటి టాక్సీ యజమానుల నిర్ణయం సమంజసమైనదే. 2010లో పెట్రోలు ధర మీద, 2014లో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది. రెండింటి ధరల మధ్య అంతరం తగ్గిపోవడంతో ఆ లాభం కూడా సన్నగిల్లింది. పాత డీజిల్ ఇంజన్లు వెదజల్లే పొగ ఊరందరూ భరించవలసిన నష్టం.

చట్టాన్నీ గమనించాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని యజమాని తన ఇష్టానుసారం మార్చరాదు. గ్యాసు, విద్యుత్తు వంటి వేరే ఇంధనాలకు మారడానికి నిబంధనలకు లోబడిన కిట్లను అమర్చుకోవచ్చు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం ప్రకటించిన నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాహనాలకు ‘వింటేజ్’ హోదాను, ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరును కల్పించాయి. అయితే ఆ వాహనం మూలరూపంలోనే ఉండాలి. చట్రం, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదు. దానిని నిత్య ప్రయాణానికీ వ్యాపారానికీ వాడరాదు. మైలేజీ కోసం ఇంజను మార్చిన యజమాని ఈ గౌరవాన్ని వదులుకోవలసివస్తుంది.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం నవాబుల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ప్రదర్శనలో ఉంది. అది లీటరుకు ఎంత ఇస్తుందని అడిగేవారుండరు. తయారైన రోజున ఏ యంత్రంతో ఉన్నదో ఆ యంత్రంతోనే నిలిచి ఉండటం అటువంటి వాహనాలకు విలువ. వంద సంవత్సరాల నాటి లోహకారుల పనితనం, ఆనాటి ఆలోచనావిధానం ఆ ఇంజనులో భద్రమై ఉన్నాయి.

పాత కారున్న ఇంట మొదట చేయవలసింది ఉన్న యంత్రాన్ని సరిదిద్దడమే. కార్బురేటరును శుభ్రపరచడం, ఇగ్నిషన్ టైమింగును సవరించడం, పట్టేసిన బ్రేకులను వదులు చేయడం, టైర్లలో గాలి సరిగా ఉంచడం — ఇవి తక్కువ ఖర్చుతో ఇంధనాన్ని ఆదా చేస్తాయి, మూలరూపాన్నీ చెడగొట్టవు. ఆ పైన కూడా మార్పు అవసరమనిపిస్తే, కారు ఏడాదికి ఎంత దూరం తిరుగుతుందో, మార్పుతో మిగిలేది ఎంతో, పోయేది ఏమిటో ముందుగా కాగితం మీద లెక్క వేసుకోవాలి. దించిన ఇంజనును పాత ఇనుము కింద అమ్మివేస్తే, తర్వాత మనసు మారినా ఆ కారు మునుపటి కారు కాజాలదు.