ఎయిర్ రైఫిల్ చప్పుడు ఎక్కడ పుడుతుంది?

తిరునాళ్లలో బెలూన్లు కాల్చే దుకాణం దగ్గర నిలబడితే ఎయిర్ గన్ చప్పుడు ఒక్కటిగానే వినిపిస్తుంది. నిజానికి ఆ ‘టప్’లో నాలుగు శబ్దాల దాకా కలిసిపోయి ఉండొచ్చు. ఒక్కొక్కటీ ఒక్కోచోట పుడుతుంది, ఒక్కోదానికి ఒక్కో విరుగుడు ఉంది. పుట్టిన చోటు తెలియకుండా పరికరాలు కొంటే డబ్బు దండగ.

మొదటిది తుపాకీ లోపలిది. స్ప్రింగ్ రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కగానే, అణిగి ఉన్న ఉక్కు స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ గాలిని నొక్కి, ఆ ఒత్తిడితో పెల్లెట్‌ను బయటికి పంపుతుంది. చివర్లో పిస్టన్ గది గోడకు కొట్టుకుంటుంది, స్ప్రింగ్ ‘జుయ్’మని కంపిస్తుంది. కాల్చేవాడి చెంప రైఫిల్ కర్రకు ఆనుకుని ఉంటుంది కనుక ఆ కంపనం ముఖం ఎముకల గుండా లోపలి చెవికి చేరుతుంది. అందుకే పక్కవాళ్ల కంటే అతనికే అది గట్టిగా వినిపిస్తుంది. స్ప్రింగ్‌లో బిగుతుగా సరిపోయే గైడ్ వేసి, జిగట గ్రీజు పలచగా రాస్తే ఇది చాలావరకు అణుగుతుంది. నూనె మాత్రం ధారాళంగా పోయకూడదు. గాలి హఠాత్తుగా నొక్కుకుంటే బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె అంటుకుని ఇంకా పెద్ద శబ్దం వస్తుంది. డీజిల్ ఇంజన్ నడిచేదీ ఈ సూత్రం మీదే.

రెండోది గొట్టం కొనది. పెల్లెట్ దాటగానే దాని వెనకున్న గాలి ఒక్కసారి బయటపడి వ్యాకోచిస్తుంది. బెలూన్‌ను సూదితో గుచ్చితే పేలుతుంది, మూతి దగ్గర కొద్దికొద్దిగా వదిలితే బుస్సుమని ఊరుకుంటుంది. గాలి అంతే, వదిలే వ్యవధిలోనే తేడా. గొట్టం చివర బిగించే సైలెన్సర్ ఈ వ్యవధినే పెంచుతుంది: గాలి అందులోని గదుల్లో విస్తరించి, ఒత్తిడి తగ్గాకే బయటికి వస్తుంది. హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు పొందాడు. మోటారు సైకిల్ సైలెన్సర్ కూడా ఈ పనే చేస్తుంది. సిలిండర్‌లో గాలి నింపుకునే పీసీపీ రైఫిళ్లకు తుపాకీ సైలెన్సర్ వల్ల లాభం ఎక్కువ. స్ప్రింగ్ రైఫిల్ వదిలే గాలి తక్కువ కనుక తేడా అంతగా తెలియదు. సైలెన్సర్లపై చట్టాలు దేశదేశానికీ మారతాయి. అధికారులను అడిగి తెలుసుకోకుండా కొనడం, తయారుచేయడం తగదు.

మూడోది వేగం వల్ల వచ్చేది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పెల్లెట్ అంతకు మించితే దారి పొడవునా కొరడా ఝళిపించినట్టు శబ్దం పుడుతుంది. గొట్టం దాటాక పుట్టేదాన్ని గొట్టానికి బిగించిన ఏ పరికరమూ ఆపలేదు. కాస్త బరువైన పెల్లెట్ వాడితే వేగం తగ్గి ఆ శబ్దమే పోతుంది. ఒలింపిక్స్‌లోని 10 మీటర్ల పోటీలో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ ధ్వని వేగంలో దాదాపు సగంతోనే పోతుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. గురి కుదరడానికి అతివేగం అక్కర్లేదు.

నాలుగోది లక్ష్యం దగ్గరిది. చాలామంది పట్టించుకోనిదీ ఇదే. పలచని రేకు పెట్టె మీద పెల్లెట్ తగిలితే పెట్టె మొత్తం మోగుతుంది. పెట్టెలో లక్ష్యం వెనక మెత్తని బంకమట్టి దట్టంగా మెత్తితే పెల్లెట్ అందులో దిగబడి ఆగుతుంది. మోత తగ్గుతుంది, ఎగిరి వెనక్కి వచ్చే ప్రమాదమూ తగ్గుతుంది. మూసిన గదిలోనైతే గోడలకు మందపాటి తెరలు, నేల మీద తివాచీ వేస్తే ప్రతిధ్వని అణుగుతుంది.

కాబట్టి ముందు మట్టి, తర్వాత పెల్లెట్, ఆపైన గ్రీజు. ఇన్ని చేసినా చెవులకు రక్షణ తప్పనిసరి. హఠాత్తుగా వచ్చే శబ్దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు 140 డెసిబెళ్లు, పిల్లలకు 120 డెసిబెళ్లు హద్దుగా పెట్టింది. లోపలి చెవిలోని వెంట్రుకల కణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. పిల్లవాడికి రైఫిల్ కొనిచ్చే తల్లిదండ్రులు ఇయర్ మఫ్‌లు కూడా అదే రోజు కొనాలి.