వైద్యుడే బోధకుడు: మన్యంలో రెసిడెంట్ల బోధనా శిక్షణ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

'డాక్టర్' అనే మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు 'బోధించు' అని అర్థం. అయినా ఎం.డి., ఎం.ఎస్. చదువుతున్న రెసిడెంట్లకు రోగనిర్ధారణ నేర్పినంత శ్రద్ధగా బోధన నేర్పడం అరుదు. జాతీయ వైద్య కమిషన్ 2023 నాటి పి.జి. నిబంధనలు ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు, ఇంటర్న్‌లకు బోధించడాన్ని రెసిడెంట్ల విధుల్లో చేర్చాయి. ఆ విధిని నిర్వర్తించే పద్ధతిని అరకు, పాడేరు ప్రాంతాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

మన్యం నేపథ్యం

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2024లో పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలకు 50 ఎం.బి.బి.ఎస్. సీట్లతో అనుమతి లభించింది. మరోవైపు, 2020లో ప్రకటించిన జిల్లా రెసిడెన్సీ కార్యక్రమం ప్రకారం పి.జి. విద్యార్థులు 3, 4, 5 సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా వైద్య వ్యవస్థలో పనిచేయాలి. గడువు ముగియగానే రెసిడెంట్ కొండ దిగి వెళ్తారు. ఆశ కార్యకర్త మాత్రం అక్కడే ఉంటారు. చేసిన వైద్యం ఆ రోగికి మేలు చేస్తుంది. సరిగా నేర్పినది తరువాతి రోగికి కూడా అందుతుంది.

రోగి పక్కనే పాఠం

రద్దీ వార్డులో గంటసేపు ఉపన్యాసం సాధ్యం కాదు. అమెరికాలో నెహర్, ఆయన సహచరులు 1992లో ప్రతిపాదించిన ఐదంచెల పద్ధతికి కొన్ని నిమిషాలు చాలు. ఉదాహరణకు, జ్వరంతో, పాలిపోయిన ముఖంతో ఒక బాలుడు వచ్చాడనుకుందాం. రెసిడెంట్ వెంటనే జవాబు చెప్పకుండా, 'ఇది ఏ జబ్బు అనుకుంటున్నారు?' అని ఇంటర్న్‌ను అడగాలి. 'మలేరియా' అంటే ఆధారం అడగాలి. ర్యాపిడ్ పరీక్షలో మలేరియా తేలిందంటే, పరీక్ష చేయించడం సరైన పనేనని ప్రత్యేకంగా చెప్పాలి. ఒళ్లునొప్పులు పదేపదే వస్తున్నాయా అని అడగకపోవడం లోపమని చూపాలి. చివరగా, మలేరియా తేలినంత మాత్రాన సికిల్ సెల్ వ్యాధి లేదని భావించరాదనే సూత్రాన్ని అందించాలి. సందర్భాన్నిబట్టి అంచెల క్రమం మారవచ్చు.

భాష అనే వంతెన

మన్యంలో కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషలు మాట్లాడే కుటుంబాలున్నాయి. 'అర్థమైందా?' అని తెలుగులో అడిగితే తల్లి మర్యాదకోసమైనా 'ఆఁ' అనవచ్చు. దానివల్ల ఆమెకు ఏమి అర్థమైందో తెలియదు. 'ఇంటికి వెళ్లాక ఈ మందు ఎప్పుడెప్పుడు ఇస్తావమ్మా?' అని అడిగి, ఆమె భాషలోనే చెప్పించాలి. ఆశ కార్యకర్త దాన్ని తెలుగులో వినిపించాలి. తేడా వస్తే తప్పు తల్లిది కాదు, వివరణది. మళ్లీ వివరించవలసింది వైద్యులే. ఈ క్రమంలో రెసిడెంట్ కూడా విద్యార్థి అవుతారు; నొప్పికి, ఆయాసానికి స్థానికులు వాడే మాటలు ఆశ కార్యకర్త దగ్గర నేర్చుకుంటారు.

ముగింపు

బోధన గురించి ఉపన్యాసం విన్నంత మాత్రాన బోధన రాదు. రెసిడెంట్లు కొండప్రాంతానికి బయలుదేరకముందే రోగి పక్కన బోధించాలి. అధ్యాపకులు దాన్ని గమనించి లోటుపాట్లు చెప్పాలి. లాగ్‌బుక్‌లో శస్త్రచికిత్సలతోపాటు బోధనకూ చోటివ్వాలి. లెక్కలోకి రాని పని రద్దీలో మొదట వెనకబడుతుంది. మన్యంలో అలా వెనకబడితే, రెసిడెంట్ వెళ్లిపోయిన మరునాడు వచ్చే రోగి నష్టపోతాడు.