నిమ్మకాయల నెత్తురు ఎక్కడిది?

దసరా సెలవులొస్తున్నయి. బడిల పిల్లలతోని సైన్సు ప్రయోగాలు చేయిద్దామంటే ల్యాబు లేదు, సామాను లేదు అంటరు సార్లు. మందారం పువ్వు, నిమ్మకాయ, పసుపు, సున్నం... గివి లేని ఊరుందా?

నేను పదోతరగతిల బడి ఇడిసినోన్ని. చిన్నప్పుడు జనగామ దిక్కు మా ఊర్ల ఒక మంత్రగాడు నిమ్మకాయ కోస్తే ఎర్రగ కారింది. బాణామతి అన్నడు. మా వాడకట్టు ముసలమ్మ మీద అనుమానం పెట్టిండ్రు. ఆమె ఊరిడిసి పోయింది, మళ్ల రాలే. గా నెత్తురు సంగతి నాకు ఎరికయ్యేసరికి ఇరవై ఏండ్లు పట్టింది.

మందారం రెక్కల్ని కత్తికి గట్టిగ రుద్ది ఆరనియ్యాలె. దాంతోని నిమ్మకాయ కోస్తే రసం ఎర్రగ కారుతది. మందారంల ఉన్న రంగుకు పులుపు తగిలితే ఎర్రగ మారుతది, గంతే. పసుపుది ఉల్టా కథ. సున్నం తేట తగిలితే ఎర్రబడుతది, నిమ్మరసం పిండితే మళ్ల పసుపు పచ్చగైతది. అంగి మీది కూర మరక సబ్బు పెట్టంగనే ఎర్రగైతది సూడుండ్రి, అదీ గిదే. (సున్నం కండ్లల్ల పడనియ్యొద్దు. కత్తి పెద్దోళ్లే పట్టాలె.)

గుట్టు ముందుగాల చెప్పొద్దు. కత్తి కడిగి కోస్తే ఏమైతది? మందారం బదులు బంతిపువ్వు రుద్దితే? పిల్లలనే చేసి సూడనియ్యుండ్రి. జన విజ్ఞాన వేదికోళ్లు 1988 సంది ఊరూరు తిరిగి గిసొంటి మహిమల గుట్టు ఇప్పుతనే ఉన్నరు. అయినా బాణామతి పేరు మీద కొట్టుడు, సంపుడు ఇంకా ఆగలే. అందుకే గీ ఆట బడిలనే మొదలు కావాలంటున్న.

మానుకోట జిల్లాల బయ్యారం దిక్కు పిల్లలకు ఇంకోటి. పాత స్పీకరుల అయస్కాంతం తీసి, కవర్ల సుట్టి మట్టిల తిప్పుండ్రి. అంటుకునే నల్ల నుసిల ఉండేది ఇనుమే. బయ్యారం ఖమ్మం జిల్లాల ఉన్నప్పుడే, 2014 విభజన చట్టంల, ఆ జిల్లాల ఉక్కు ఫ్యాక్టరీ పెట్టొచ్చా లేదా ఆర్నెల్లల్ల సూడాలని రాసిండ్రు. నుసి చేతిల పట్టుకోని ఆ సంగతి సార్‌ను అడుగుండ్రి.

ఇగ భూపాలపల్లి. రెండు తెల్ల అట్టముక్కలకు వాజిలిన్ రాయుండ్రి. ఒకటి బొగ్గు లారీలు పోయే తొవ్వ పక్క ఇంటి సూరుకింద, ఇంకోటి దూరంగ పొలం కాడ, వాన తగలకుండ కట్టుండ్రి. వారం దినాలాగి రెండూ పక్కపక్కన పెట్టి సూడుండ్రి. ఎనుక తారీఖు, జాగ పేరు రాసి, వచ్చే గ్రామసభకు పట్టుకపోండ్రి.