చెరువు చేపలకు తెల్లవారుజాము గండము

వేసవిలో మన కరువు సీమ చెరువుల గట్లమీద ఈ దృశ్యము అప్పుడప్పుడు కనబడుచుండును. సాయంత్రము చక్కగా తిరిగిన చేపలు తెల్లవారుసరికి చచ్చి తేలును. ఏడాది కష్టము ఒక్క రాత్రిలో పోవును. వెంటనే “ఎవరో మందు కలిపినారు” అను మాట పుట్టును. ఊరిలో తగాదాలు బయలుదేరును. కాని పెక్కుసార్లు దోషి పగవాడు కాడు. నీటిలో ప్రాణవాయువు తరిగిపోవుటయే అసలు కారణము.

సోమందేపల్లె ప్రాంతము 2022 వరకు అనంతపురం జిల్లాలోనిది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఆ పాత జిల్లాలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వానలకు నిండిన చెరువు వేసవికి మడుగై పోవును. 2016లో హంద్రీ-నీవా నీరు పెనుకొండ వద్ద గొల్లపల్లి జలాశయమునకు చేరినది. ఉపాధి హామీ పనులలో సేద్యపు కుంటలు పెక్కు త్రవ్వబడినవి. నీరున్న చోట చేపలు పెంచవచ్చును. అయితే లోతు తక్కువ, ఎండ ఎక్కువ అయిన నీటిలో చేప ఎట్లు ఊపిరి పీల్చునో రైతు తెలిసికొనవలెను.

వేడి నీటిలో గాలి తక్కువ

20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీల వద్ద అది 7.5కు, 35 డిగ్రీల వద్ద 7కు దిగును. మనది మెట్ట పీఠభూమి అగుటచే ఇంకను కొంచెము తగ్గును. చేప సంగతి దీనికి విరుద్ధము. నీరు 10 డిగ్రీలు వేడెక్కిన, చేప వాడుకొను ప్రాణవాయువు సుమారు రెండింతలగును. అనగా రాబడి తగ్గినప్పుడే ఖర్చు పెరుగును. పైగా నీరు ఇంకినకొలది అన్ని చేపలును కొద్ది నీటిలోనే ఇరుకుకొనును. మేత తిన్న తరువాత కొన్ని గంటలపాటు చేపకు ప్రాణవాయువు మరింత కావలెను.

పగలు ఇచ్చునది, రాత్రి తీసికొనునది

నీటికి పచ్చరంగు నిచ్చు సూక్ష్మమైన నాచు, ఎండలో ప్రాణవాయువును విడుచును. అందుచే మధ్యాహ్నము మూడు గంటల వేళ నీటిలో ప్రాణవాయువు సమృద్ధిగా ఉండును. చీకటి పడగానే ఆ నాచే, చేపలతోబాటు, అడుగు బురదలోని సూక్ష్మజీవులతోబాటు, దానిని వాడుకొనును. తెల్లవారుజామున నిలువ అట్టడుగునకు చేరును. మబ్బు పట్టి గాలి కదలని దినములలో పగటి రాబడియు ఉండదు. వెలుతురు మహిమ చలి దేశములలోను ఇట్టిదే. అక్కడ గడ్డకట్టిన చెరువుపై మంచు కప్పి వెలుతురు ఆగిన, చల్లని నీటిలో కూడ చేపలు ఊపిరాడక చచ్చును.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములుండుట మేలు. 3 కంటె తగ్గిన అవి నలుగును. 1కి దిగి అట్లే నిలిచిన చావు తప్పదు.

విషమా? ఊపిరాడకపోవుటయా?

గ్రామాధికారులు ఈ గుర్తులు గమనింపవలెను. ప్రాణవాయువు చాలనప్పుడు చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి ఆయాసపడును. పెద్దవి ముందు చచ్చును. పొద్దెక్కిన తరువాత మిగిలినవి తేరుకొనును. పైగాలిని పీల్చగల కొర్రమీను, మార్పు సాధారణముగా బ్రతుకును. విషమైనచో వేళాపాళా ఉండదు. చిన్న, పెద్ద చేపలే కాక కప్పలు, నీటి పురుగులు, కొర్రమీనులు కూడ చావవచ్చును. అనుమానమున్న, వెంటనే శుభ్రమైన సీసాలో నీరు పట్టి పరీక్షకు పంపుట మంచిది. గుర్తులు చూడకముందు ఎవరిమీదను నింద వేయరాదు.

చేయవలసిన పనులు

1. మోచేయి వరకు చేతిని నిలువుగా నీటిలో ముంచుడు. మోచేయి మునుగుటకు చాల ముందే అరచేయి కనబడకపోయిన, నాచు మితిమీరినదని తెలియవలెను. అప్పుడు పేడ, ఎరువులు వేయుట ఆపుడు.

2. మేత పొద్దెక్కిన తరువాతనే వేయుడు. మబ్బు దినములలో తగ్గించుడు. చేపలు పైకి తేలిన నాడు పూర్తిగా మానుడు.

3. చేపలు నోళ్లు తెరచిన వెంటనే మోటారు పెట్టి చెరువు నీటినే ఎత్తునుండి చిమ్ముడు. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ గనుక దానిని బండలపై చిందునట్లు పారించి చెరువులోనికి విడువుడు. ఏరేటరున్నవారు దానిని అర్ధరాత్రి నుండి పొద్దెక్కువరకు నడుపవలెను.

4. ఆ వేళ వల లాగి బురద కలపరాదు.

5. నిలువు నీరు మీటరు లోతునకు దిగకముందే పెద్ద చేపలను పట్టి అమ్ముడు. చెరువు వేలము పాడినవారును, తూము తెరచు ఆయకట్టుదారులును ముందుగా కూర్చుండి తేదీ నిర్ణయించుకొన్నచో పైరుకును చేపకును నష్టముండదు.

పైరుకు తడి చూచు రైతు పగలు పొలము చుట్టును. చేపల రైతు మాత్రము కోడి కూయు వేళ గట్టెక్కి చూడవలెను. ఆ అరగంట చూపు ఏడాది పంటను కాపాడును.