మీ ఫ్యామిలీ డాక్టర్ ఏం చదివిండు?

మా ఆర్మూర్‌లో దాదాపు ప్రతి ఇంటికీ ‘మా డాక్టర్ సాబ్’ అని ఒకరుంటారు. ఆయన ఏం చదివిండని అడిగితే మాత్రం చాలామందికి తెల్వదు. తెలుసుకోవడం అవసరమని నేనంటాను.

మన బీటెక్ 4 ఏళ్లు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యాక ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు. ఇంకా చదవాలనుకుంటే నీట్ పీజీ రాసి, ఫ్యామిలీ మెడిసిన్‌లో 3 ఏళ్ల ఎండీ గానీ డీఎన్‌బీ గానీ చేయొచ్చు.

పిల్లల జ్వరం, నాన్న బీపీ, నాయనమ్మ షుగర్, పసుపు ఉడకబెట్టేటప్పుడు కాలిన చెయ్యి, అన్నీ ఆయనే చూస్తడు. ఏది ఇక్కడే తగ్గుతది, ఎవరిని వెంటనే నిజామాబాద్ పంపాలి అని తేల్చడమే ఆయన అసలు పనితనం.

ఊర్లలో ‘ఆర్‌ఎంపీ’ అని పిలిచేవారిలో చాలామందికి డిగ్రీ ఉండదు. అర్ధరాత్రి పిలిచినా వస్తరు, అందుకే జనానికి నమ్మకం. కానీ తెలియక ఇచ్చిన స్టెరాయిడ్ సూదితో నొప్పి అప్పటికి తగ్గినా, షుగర్ పెరగొచ్చు, అసలు రోగం దాగిపోవచ్చు. అర్హత లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే, 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబర్‌ను క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా చూపాలన్నది నియమం. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నల చీటీ ఒకసారి తీసి చూడండి.